దసరా నాటి భూకంపం కోసం కాకినాడ ప్రయాణం

మా అక్క, బావ దసరా నుంచి పశువుల పాకలో పడుకుంటున్నారు. అనపర్తి దగ్గర పల్లెలో వాళ్లకు మేడ ఉంది. కానీ దసరా ఉదయం కాకినాడలో ఒక కాలేజీ యంత్రం మీద భూకంపం నమోదైందని పేపర్లో వచ్చింది. బావ గోడలన్నీ గాలించి, మేడ మీద గదిలో ఒక బీట పట్టుకున్నాడు. నల్లరేగడి మీద కట్టిన ఏ ఇంట్లోనైనా అలాంటి బీట దొరుకుతుంది. సోమవారం ఆ గది పడగొట్టడానికి మేస్త్రీని మాట్లాడేశాడు. అది అక్క కుట్టుమిషన్ పెట్టుకున్న గది.

"లెక్కలు చూస్తావు కదరా, నిజమేదో కనుక్కో" అని అక్క ఫోన్ చేసింది. భూకంపాల లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు ముందేసుకుని పట్టుకున్నదే.

శనివారం ఉదయం ఏడింటికి రాజమండ్రిలో రైలెక్కాను. ఎదుటి సీట్లో పెద్దాయన తుని వెళుతున్నారు. నేను వెళ్లే పని చెప్పాను.

"ఆ రోజు మా మంచం ఊగిందండి!" అన్నారు.

"ఎన్నింటికండీ?"

"పేపర్లో ఎన్నింటికని వేశారు?"

సామర్లకోటలో దిగి, పెసరట్టు తిని, బస్సులో కాకినాడ చేరాను. వెళ్లేవారు శనివారం మధ్యాహ్నంలోపే వెళ్లాలి, తర్వాత కాలేజీకి తాళం పడుతుంది.

యంత్రం కింది అంతస్తులో ఒక సిమెంటు దిమ్మ మీద ఉంది. ఒంటినిండా పసుపు బొట్లు. దసరా నాడు అది గీసిన గీతను ఫ్రేము కట్టి గోడకు తగిలించారు. యంత్రం చూసుకునే లెక్చరర్ గారు మర్యాదస్తుడు, దగ్గరగా చూడనిచ్చారు.

భూకంపం వస్తే ముందు వేగమైన చిన్న అల, వెనక నెమ్మదైన పెద్ద అల చేరతాయి. రెంటి మధ్య ఎన్ని సెకన్లో చూసి, ఎనిమిదితో గుణిస్తే దూరం ఇంచుమించు కిలోమీటర్లలో వస్తుంది. ఈ గీతలో రెండు అలల మధ్య ఎడం అన్నదే లేదు. ఒక్కసారిగా లేచి, వెంటనే పడిపోయింది.

"నా లెక్కలో దూరం సున్నా వస్తోందండి. భూకంపం ఈ గదిలోనే పుట్టి ఉండాలి" అన్నాను.

"మీ లెక్క కరెక్టేనండి. ఆయుధ పూజ చేసి, కొబ్బరికాయ ఆ దిమ్మ మీదే కొట్టాం."

"తెలిసీ గోడకి తగిలించారా?"

"నేను చూసేసరికి ప్రిన్సిపాల్ గారు పేపర్ వాళ్లకి చెప్పేశారండి. తర్వాత సన్మానం కూడా జరిగింది."

అక్క గది సంగతి చెప్పాను. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, నా ఫోన్ తీసుకుని, కొబ్బరికాయ సంగతి బావకు తానే చెప్పారు. నేను స్పీకర్ నొక్కాను.

"కొబ్బరికాయైతే కొబ్బరికాయని రాసేవారు కదండీ పేపర్లో?" అంటున్నాడు బావ. వెనక నుంచి అక్క "ఆ ఫోన్ ఇటివ్వండి" అనడం వినిపించింది. లెక్చరర్ గారు అక్కకు మొదటి నుంచీ మళ్లీ చెప్పారు.

సాయంత్రం తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. మన మెత్తటి నేల చిన్న అదురును కూడా పెద్దది చేస్తుందని పుస్తకాల్లో రాశారు. ఆ నేల మీద పెరిగిన మనుషుల గురించి రాయలేదు.

బిక్కవోలు దాటాక అక్క ఫోన్ చేసింది.

"మేస్త్రీని రావద్దన్నానురా. పరుపు మేడ మీదకి తెచ్చేసుకున్నాను."

"మరి బావ?"

"భూకంపం వస్తే ఏం చెయ్యాలో ఊరంతటికీ పాఠం చెప్పారు కదరా, ఇప్పుడు ఇంట్లోకి ఏ మొహం పెట్టుకుని వస్తారు? పాకలోనే ఉంటానన్నారు. దోమతెర పంపించాను."