బొమ్మ అరిగిన నాణెం

నిదానంగారు చేసిన ఆఖరి పని కొట్టు షట్టరు దించడం. సగం దాకా దించి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి చూసి, మళ్లీ దించారు.

మనిషి తీరే అంత. పాత నాణేలు కొని అమ్మే ఆయన్ని వీధంతా ఆ పేరుతోనే పిలిచేది. ఎవరైనా నాణెం తెస్తే అంచు పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి, భూతద్దం పక్కన పెట్టి, జేబులో చెయ్యి పెట్టుకుని ఊరుకునేవారు. ఎదుటివాడి ప్రాణం గొంతులో ఉండేది. అప్పుడు గాని ధర బయటికొచ్చేది కాదు. ఆ మౌనంలో నాణెం తాను తిరిగిన దారులన్నీ ఆయన చెవిలో చెప్పుకుంటుందని తమ్ముడి కూతురి నమ్మకం.

ఆ అమ్మాయి చదువయ్యాక పెదనాన్న దగ్గరే పనిలో చేరింది. పనితోపాటు ఆ మౌనమూ పట్టుబడింది. ఒకసారి తనూ జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడితే, నాణెం తెచ్చిన ముసలాయన, "ఏమ్మా, కడుపునొప్పా?" అన్నాడు. పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "ఒక నిదానంతోనే వేగలేకపోతున్నా, ఇంకోటి తయారైందా!"

ఆ సాయంత్రం ఎండ గాజుపెట్టెల మీంచి జారి గోడ మీద నీళ్లలా కదులుతోంది. పెదనాన్న తన జేబులోంచి ఒక వెండి నాణెం తీసి, బొటనవేలితో నిమిరి, "దీని సంగతి చెప్పు" అన్నారు. ఆయన కూర్చుని ధర చెప్పే కుర్చీ అమ్మాయికి దక్కేదీ లేనిదీ దీంతో తేలిపోతుంది.

బొరుసు వైపు ఆకుల దండ ఈనెలతో సహా కొత్తగా ఉంది. బొమ్మ వైపు రాణి ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో మనిషిలా, ఉందా లేదా అన్నట్టుంది.

"చేతులు మారి అరిగితే రెండు వైపులా అరగాలి పెదనాన్నా. ఆకురాయి పెడితే గీతలుండాలి. ఇది ఎవరో వేలితో రుద్దీ రుద్దీ పాడుచేసింది. నాణెంగా విలువ పోయింది, వెండి ధరే. రుద్దినవాడెవడో గాని శుద్ధ బుద్ధిలేనివాడు!"

ఆయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. తిరిగివ్వబోతే, నాణెంతో సహా ఆమె గుప్పిట మూసేశారు.

"అయితే ఆ కుర్చీలో నేను కూర్చోవచ్చా?"

ఆయన నోరు తెరిచారు. చెయ్యి జేబులోకి వెళ్లి, ఉత్తదే బయటికొచ్చింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. లేచి షట్టరు వైపు నడిచారు.

తెల్లారేసరికి ఆయన లేరు. నిద్రలోనే వెళ్లిపోయారు.

పరామర్శలు సద్దుమణిగాక అమ్మాయి కొట్టు తెరిచింది. కుర్చీని రోజూ తుడిచేది, కూర్చునేది కాదు. వచ్చినవాళ్లకి నిలబడే ధర చెప్పేది. ఓ మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది.

"కుర్చీ ఉండగా నిలబడతావేంటే?"

"పెదనాన్న కూర్చోమనలేదు పెద్దమ్మా. అడిగాను, పలకలేదు." గుప్పిట తెరిచి నాణెం చూపించింది. "ఇదిచ్చి ఊరుకున్నారు."

పెద్దమ్మ నాణేన్ని అందుకుని, అరిగినచోట తన బొటనవేలు ఆనించింది.

"ఇది నీ చేతికిచ్చాకే అడిగావా?"

"అవును."

"ఇంకెలా పలుకుతారే పిచ్చితల్లీ! మీ పెదనాన్నకి చిన్నప్పట్నుంచీ నత్తి. జేబులో ఇది రుద్దుకుంటే గాని మాట పెగిలేది కాదు."