దీపాలు కొండెక్కేదాకా

హైఫా రేవు పట్నంలో, హదార్ పేట మెట్ల దారిలో ఎవరినడిగినా హెన్యా ఇల్లు చూపిస్తారు. చూపిస్తూ ఓ చిన్న నవ్వు కూడా నవ్వుతారు. పోస్టాఫీసులో ఏళ్ల తరబడి ముద్రలు గుద్ది రిటైరైన మనిషి ఆవిడ. ఇప్పుడు ఆ గుద్దుడంతా మాటల్లోకి దిగింది. భర్త జెలిగ్ ఓడరేవులో క్రేను నడిపి టన్నుల సరుకు ఎత్తినవాడే గాని, ఆ ఇంట్లో గరిటె ఎత్తే అధికారం మాత్రం ఆయనకు ఏనాడూ దక్కలేదు.

యూదుల ఎనిమిది రోజుల దీపాల పండగ హనుక్కా. దాని చివరి రాత్రి చుట్టాలంతా హెన్యా ఇంట్లోనే కలవాలి. అది ఆవిడ గద్దె. ఆ రోజు ఆవిడ వేసే బంగాళాదుంప అట్లు అంచులు మాడి, నడుమ పచ్చిగా, చెప్పు అట్టంత మందంగా ఉండేవి. అందరూ "అద్భుతం" అని, పుల్ల మీగడ గుమ్మరించుకుని మింగేవాళ్లు. హెన్యా ఆ మాటను నమ్మేది, పాపం.

ఈ ఏడు జెలిగ్ చెల్లెలు ద్వోరా ముందుగానే ఫోన్ చేసింది.

"వదినా, ఆ మోకాళ్లతో నువ్వేం నిలబడతావు? వచ్చే ఏటి నుంచి మా కొత్త ఫ్లాటులో పెట్టుకుందాం. మీ ఇంటికొచ్చినప్పుడు అందరికీ చెప్పేస్తా."

హెన్యాకి అరికాలి మంట నెత్తికెక్కింది. గద్దె దిగడమా! అదీ, డబ్బాలో సూపు కొనుక్కొచ్చి వేడిచేసే ద్వోరా కోసమా! ఏటా వెలిగించే సన్న కొవ్వొత్తులు పక్కన పడేసి, పెద్ద పెద్ద గాజు గిన్నెలు కొనుక్కొచ్చింది. వాటిలో ఆలివ్ నూనె అంచుల దాకా పోసింది. వీధంతా చూడాలి, ద్వోరా కుళ్లుకోవాలి.

పొద్దుగూకగానే కిటికీలో ఎనిమిది దీపాలూ వెలిగాయి. జెలిగ్ ఆశీర్వచనాలు పాడాడు. ఇక అట్లు వేయడానికి హెన్యా మోకాళ్లు పట్టుకుని లేచేసరికి, ద్వోరా అప్పటికే ఏప్రన్ కట్టేసుకుంది. హెన్యా ఏప్రన్!

"నువ్వు కూర్చో వదినా, నేను వేస్తాగా."

"ఎవరూ వెయ్యక్కర్లేదు," అంది హెన్యా. "దీపాలు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్లు పని ముట్టకూడదు. మా ఇంట్లో ఆచారం."

యూదుల్లో ఆ ఆచారం ఉన్నమాట నిజమే. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పాటించలేదన్నదీ నిజమే. ద్వోరా ఏప్రన్ విప్పి కూర్చుంది.

కోడలు సిగాల్ మెల్లగా అంది: "అత్తయ్యా, అరగంట చాలంటారు కదా?"

"సగం సగం ఆచారాలు మీ పుట్టింట్లో పెట్టుకో! ఇక్కడ దీపాలు కొండెక్కేదాకా అంతే!"

అరగంట గడిచింది. గిన్నెల్లో నూనె తగ్గినట్టే లేదు. మరో గంట గడిచింది. జామ్ బన్నులు అయిపోయాయి. పిల్లలు బొంగరాలు వదిలేసి ఆకలని రాగం అందుకున్నారు. వంటింట్లో తురిమిన దుంప నల్లబడుతోంది. దీపం ఆర్పుదామంటే పాపం, పైగా వీధంతా చూస్తోంది. హెన్యాకి కక్కలేక మింగలేక ఉంది.

"అమ్మా, పిజ్జా తెప్పించనా?" అన్నాడు కొడుకు అమ్నోన్.

హనుక్కా నాడు ఆ ఇంట్లోకి పిజ్జా వస్తే ఇక గద్దె పోయినట్టే. హెన్యా మొహం పాలిపోయింది.

"పిజ్జా ఎందుకురా?" అంది ద్వోరా. "మగవాళ్లకి నిషేధం లేదుగా. అన్నయ్యా, లే!"

జెలిగ్ పెళ్లాం వంక చూశాడు. పెళ్లాం దీపాల వంక చూసింది. ఆయన వంటింట్లోకి నడిచాడు.

"ఏమయ్యా, నూనె బాగా కాగనిచ్చి..." అని హెన్యా మొదలుపెట్టింది.

"వదినా, అజమాయిషీ కూడా పనే!"

ఇల్లంతా గొల్లుమంది. హెన్యా నోరు మూసుకుంది. అలా మూసుకోవడం ఆవిడకి అలవాటు లేని పని, చాలా కష్టమైంది.

లోపల గిన్నెలు దబదబా పడ్డాయి. గరిటె ఎక్కడుంటుందో తెలియక జెలిగ్ టీ చెంచాతో వేశాడు. దుంప తురుములో ఊరిన నీళ్లు చూసి, ఏదో పాడైందనుకుని ఆ నీళ్లన్నీ గట్టిగా పిండేసి పారబోశాడు. అట్లు చిన్నచిన్నగా, ఎర్రగా, కరకరలాడుతూ వచ్చాయి. ఎవరూ "అద్భుతం" అనలేదు. అనడానికి ఎవరి నోరూ ఖాళీగా లేదు. మీగడ గిన్నె నిండుగా అలాగే ఉండిపోయింది. అది హెన్యా ఒక్కతే చూసింది, చూసి తల తిప్పుకుంది.

ద్వోరా మూతి తుడుచుకుంది. "అందరికీ ఒక మాట చెప్పాలి."

హెన్యా కుర్చీలో ముందుకు జరిగింది.

"పండగ ఇక ముందు కూడా ఇక్కడే. మా ఫ్లాటు ఎంత కొత్తదైతే ఏం, అక్కడ అన్నయ్య లేడుగా!"

అందరూ చప్పట్లు కొట్టారు. జెలిగ్ చెవులు ఎర్రబడ్డాయి. గద్దె దక్కినందుకు సంతోషించాలో ఏడవాలో హెన్యాకి తెలియలేదు. అయినా అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టింది.

చుట్టాలు వెళ్లాక, దీపాలు ఒక్కొక్కటే కొండెక్కాయి. హెన్యా వంటింట్లోకి వెళ్లింది. పళ్లెం అడుగున చిన్న అట్టు ఒకటి మిగిలింది. అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

గిన్నెలు తోముతున్న జెలిగ్ తలూపాడు. "అవును. వచ్చే ఏడు చూసి వేస్తాలే."