ఆ క్లిప్పులో లేని ముక్క

"మేనేజరు గారు పోయేరు బావా," అన్నాడు ఫోన్‌లో మా జట్టు పాత గోల్‌కీపరు. నేను నోరు తెరిచేలోపే అతని పక్కన ఎవరో "ఎవరూ, నెట్‌లో ఉంటాడు కదా, ఆ చెప్పుల మేనేజరా?" అని నవ్వుతూ అడగడం వినిపించింది. ఏడవాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన వయసులో ఉండగా విశాఖలో ఒక కంపెనీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడేవారు. ఒక మ్యాచ్‌లో కిందపడి ఉండగా ఎవడో మోకాలి మీద తన్నాడు. దాంతో ఆయన ఆట ముగిసింది. తరవాత అనకాపల్లిలో మాలాంటి వాళ్లను పోగేసి జట్టు కట్టి మేనేజరయ్యారు. మేనేజరంటే బంతికి గాలి కొట్టడం, రిఫరీని బతిమాలడం, మమ్మల్ని షేర్ ఆటోల్లో కుక్కి కశింకోట తీసుకెళ్లడం, అన్నీ ఆయనే. హాఫ్‌టైమ్‌లో బెల్లం ముక్కలు పంచడం ఆయన పెట్టిన ఆనవాయితీ. మేం చిత్తుగా ఓడిపోతున్నా సరే, ఆ పళ్లెం మొదట అవతలి జట్టు దగ్గరికే వెళ్లాలి. "ముందు ఆళ్లకెట్టండ్రా. మనూరొచ్చినోళ్లు కదా," అనేవారు. మాకు చిరాకేసేది.

చీడికాడ జట్టుతో ఆడిన రోజు మా సెంటర్ ఫార్వర్డ్, కిందపడిన వాళ్ల ఆటగాణ్ణి మోకాలి మీద కావాలనే తన్నాడు. మేనేజరు గారు చెప్పు తీసి గ్రౌండులోకి పరుగెత్తారు. "పడిపోయినోడి మీద కాలెత్తుతావా? ఇదేటి ఆటరా?" అని అరుస్తూ మావాడి వీపు మీద వేశారు. తరవాత ఆ చీడికాడ అబ్బాయిని తనే ఎత్తుకెళ్లి ఆటో ఎక్కించారు. కొట్టడం గొప్పని నేననను. ఆయనా అనుకోలేదు. మర్నాడు మావాడి ఇంటికి వెళ్లి, వాడి పక్కన కూర్చుని, మాట్లాడి వచ్చారు.

ఆ చెప్పుదెబ్బను ఎవడో సెల్‌ఫోన్‌తో తీసి నెట్‌లో పెట్టాడు. అందులో తన్నింది లేదు, ఎత్తుకెళ్లింది లేదు. లుంగీ ఎగ్గట్టిన పెద్దాయన, చెప్పు, అరుపు, అంతే. ఇంటర్నెట్ సెంటర్లలో జనం ఒకరి మీద ఒకరు పడి చూశారు. ఆయనకో అభిమాన సంఘం కూడా పెట్టారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, "అంకుల్, ఒక్కసారి చెప్పెత్తండి" అని ఫోన్లు పట్టుకునేవారు. వీళ్లా అభిమానులు? ఒక్కడైనా మ్యాచ్ చివరిదాకా చూశాడా? ఆ క్లిప్పు చూసిన తల్లిదండ్రులు, కొట్టే మనిషి దగ్గరికి మా పిల్లల్ని పంపేది లేదన్నారు. నెట్‌లో ఆయన్ని చూసేవాళ్లు పెరిగినకొద్దీ గ్రౌండుకు వచ్చేవాళ్లు తగ్గారు. చివరికి జట్టే లేకుండా పోయింది.

ఆయన చెప్పులు వేసుకోవడం మానేశారు. మండుటెండలో కూడా ఒట్టి కాళ్లతో ఖాళీ గ్రౌండుకు వచ్చి నిలబడేవారు. ఎందుకండీ అంటే, "కాళ్లకుంటే కదరా ఎత్తమంటారు," అన్నారు.

శవపెట్టెలో ఆయనకు బూట్లు తొడగబోతే వాళ్లావిడ వద్దంది. "ఇన్నాళ్లూ ఎలా తిరిగేరో అలాగే ఎళ్లనియ్యండి," అంది. అప్పుడు కూడా ఇద్దరు ఫోన్లు పట్టుకుని ఆ పగిలిన పాదాల మీదికి వంగారు. నేను వాళ్ల చొక్కా పట్టుకునేవాణ్ణే. ఈలోగా ఒకతను కాస్త కుంటుతూ ముందుకొచ్చాడు. ఆనాటి చీడికాడ అబ్బాయి. భుజం మీది తువ్వాలు తీసి ఆ పాదాల మీద కప్పాడు.

"ఇక్కడ తియ్యడానికేటీ లేదు. ఎళ్లండి," అన్నాడు.

ప్రార్థన అయ్యి మూత వేసేదాకా, ఆ తువ్వాలు అంచులు రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.