ఆయన విప్పిన ఇంజన్

అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్లో మా గరాజ్‌లో దాదాపు తొమ్మిదేళ్లు ఒక ఆస్ట్రేలియా కారు ఉండేది. పొడవాటి స్టేషన్ వ్యాగన్. ఆరు సిలిండర్లు, కుడివైపు స్టీరింగ్, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్. డెబ్భైలలో ఆ దేశంలో ప్రతి వీధిలోనూ అలాంటిది ఒకటి ఉండేదట. పిల్లల్నీ కుక్కనీ టెంటునీ వేసుకుని సముద్రానికి పోయే సంసారుల కారు. మేం అక్కడ అడిలైడ్‌లో ఉన్నప్పుడు ఒక రిటైరైన టీచరమ్మ దగ్గర మా ఆయన దాన్ని కొన్నారు. కొన్న మూడో రోజునే వాటర్ పంప్ కారడం మొదలైంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మనిషికి సరిగ్గా నడిచే వస్తువు మీద పెద్దగా ఆసక్తి ఉండేది కాదు.

అక్కడ ఆయన ఒక బాట్లింగ్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఏ మెషీన్ ఆగినా ఆయన్నే పిలిచేవారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండేదాన్ని. రెండువేల నాలుగులో నాకు ఇక్కడ, నార్త్ కరోలినాలో, ఉద్యోగం వచ్చింది. హెచ్-వన్ వీసా మీద నేను, డిపెండెంట్‌గా ఆయన, మా అమ్మాయి. డిపెండెంట్ వీసా మీద ఆయన ఉద్యోగం చేయకూడదు. ఆ సంగతి ముందే చెప్పాను. మూడో రోజు, "వస్తాను. కానీ కారుని వదిలి రాను," అన్నారు. నేను ఒప్పుకోకుండా ఎలా ఉంటాను? ఆయన వదులుకునేది ఉద్యోగం.

ఇరవై ఐదేళ్లు దాటిన కారైతే అమెరికాకి తెచ్చుకోవచ్చు. కాకపోతే దాని అడుగున పరాయి దేశపు మట్టి రవ్వంత కూడా ఉండకూడదు. ఆయన మూడు వారాంతాలు కారు కింద పడుకుని పాత టూత్‌బ్రష్‌తో ఆ ఎర్రమట్టి గీకారు. ఇంట్లోకి వచ్చాక దగ్గితే రుమాలుకి ఆ మట్టి ఎరుపు అంటేది.

ఇక్కడికొచ్చాక మొదటి రెండేళ్లు బాగానే గడిచాయనే చెప్పాలి. నేను ఆఫీసుకి వెళ్లేదాన్ని, ఆయన వంట చేసి, అమ్మాయిని స్కూల్లో దించి, మిగతా రోజంతా గరాజ్‌లో ఉండేవారు. డ్రైవ్-త్రూలో కాఫీ ఆర్డర్ చేయాల్సింది ఎడమవైపు కూర్చున్న నేనే. సిగ్నల్ దగ్గర పక్క కార్ల వాళ్లు నా ముందు స్టీరింగ్ లేకపోవడం చూసి ఉలిక్కిపడేవారు. అమ్మాయికి మాత్రం సిగ్గు. స్కూలు దగ్గర పడగానే వెనక సీట్లో పడుకుండిపోయేది. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో తెలిసినవాళ్లు, "ఎందుకండీ ఈ డొక్కు బండి? మంచి జపాన్ కారు తీసుకోండి," అనేవారు. ఆయన నవ్వి బానెట్ ఎత్తి చూపించేవారు. వాళ్లు మర్యాదకి ఒక నిమిషం చూసి వెళ్లిపోయేవారు.

ఆ ఇంజన్లో టైమింగ్ గేర్ ఒకటి ఫైబర్‌తో చేసింది. చప్పుడు రాకూడదని అలా చేశారట. ఒకసారి పక్కనున్న రాలీ ఊరి నుంచి వస్తుంటే హైవే మీద దాని పళ్లు అరిగి ఊడిపోయాయి, కారు ఉన్నపళంగా ఆగిపోయింది. ఈ దేశంలో ఏ షాపులోనూ ఆ గేరు దొరకదు. ఆస్ట్రేలియా నుంచి పోస్టులో రావాలి. ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఆయన ప్రతి మధ్యాహ్నం మెయిల్‌బాక్స్ దాకా నడిచి వెళ్లి వచ్చేవారు. పార్సిల్ వచ్చిన రోజు నాకు ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారు. మా పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన ఆఫీసుకి ఫోన్ చేసింది అంతకుముందు ఒక్కసారే, అమ్మాయికి జ్వరమొచ్చినప్పుడు.

శనివారాలు నేను కూడా గరాజ్‌లో ఉండేదాన్ని. పానాలు అందించడం నా పని. వాల్వులు సరిచేసేటప్పుడు ఆయన సిలిండర్లలో పెట్రోలు మండే వరుసని మంత్రంలా గొణిగేవారు. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది.

మొదటిసారి ఏదో తేడా ఉందని నాకు తెలియాల్సిన రోజు ఒకటుంది. ఒక ఆదివారం గుడికి వెళ్తున్నాం. ఖాళీ రోడ్డు. కుడికి తిరగగానే ఆయన రోడ్డుకి ఎడమవైపు వెళ్లిపోయారు, ఆస్ట్రేలియాలో లాగా. ఎదురుగా పికప్ ట్రక్ ఒకటి హారన్ కొడుతూ గడ్డిలోకి దిగిపోయింది. నేను అరిచాను. ఆయన నెమ్మదిగా ఇటువైపుకి వచ్చి, "స్టీరింగ్ ఇటుంది కదా, చెయ్యి అలవాటు కొద్దీ పోయింది," అన్నారు. నమ్మాను. ఇంకెవరైనా ఏం చేస్తారు? ఆ కారు మీద కోపం పెంచుకున్నాను. అమ్మేయమని ఏడాదిపాటు పోట్లాడాను. తెలిసిన దారిలో తప్పిపోయి ఆలస్యంగా ఇంటికొచ్చినా, చేతిలో పానా పట్టుకునే పానా ఏదని నన్నడిగినా, అదంతా ఇంట్లో ఒంటరిగా ఉండటం వల్లా, ఆ కారు పిచ్చి వల్లా అనుకున్నాను. ఆయన వయసప్పుడు యాభై రెండు. ఆ వయసులో మతిమరుపు జబ్బు వస్తుందని నాకు తెలియదు.

ఆ మధ్యలోనే మా గ్రీన్ కార్డు ఒక మెట్టు ముందుకి కదిలి, ఆయనకి వర్క్ పర్మిట్ వచ్చింది. ఐదేళ్లు ఎదురుచూసిన కార్డు. డర్హమ్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. సాయంత్రం వచ్చి నేరుగా గరాజ్‌లోకి వెళ్లి కూర్చున్నారు. రెండు మూడుసార్లు అడిగితే, వాళ్లు పాత ఉద్యోగంలో ఏం చేసేవారని అడిగారనీ, తనకి చెప్పడం రాలేదనీ అన్నారు. ఇంగ్లీషులోనా అని అడిగాను.

"ఎందులోనూ రాలేదు," అన్నారు.

అప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. న్యూరాలజిస్ట్ ఆయన్ని ఇది ఏ నెల, ఏ ఊరు అని అడిగింది. నెల చెప్పలేకపోయారు. ఊరు అడిలైడ్ అన్నారు. గడియారం బొమ్మ వేయమంటే అంకెలన్నీ ఒకే పక్కకి కుక్కేశారు. నేను ఉండబట్టలేక తెలుగులో, సిలిండర్ల వరుస చెప్పండి అన్నాను. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అని తడుముకోకుండా చెప్పారు. నేను గర్వంగా డాక్టర్ వైపు చూశాను. ఆవిడ జాలిగా తలూపి, ఇలాంటివి కొన్నాళ్లు నిలుస్తాయి అంది. రెండేళ్లు ముందే తీసుకొచ్చి ఉంటే ఏమైనా చేసేవారా అని అడిగాను. లేదంది. ఆ మాట ఓదార్పు కోసం చెప్పిందో నిజమో గానీ, నాకు దానివల్ల ఏ ఓదార్పూ కలగలేదు. ముందే తెలిసినా చేసేదేమీ లేదంటే ఇకముందు కూడా ఏమీ లేదనే కదా.

డ్రైవింగ్ మాన్పించాను. తాళాలు ఆఫీసుకి పట్టుకెళ్లేదాన్ని. గరాజ్ మాత్రం మూయలేకపోయాను. అక్కడ ఉన్నంతసేపూ ఆయన శాంతంగా ఉండేవారు.

ఆ ఏడు అక్టోబరులో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి గరాజ్ తలుపు ఎత్తి ఉంది. ఇంజన్ పైభాగం, హెడ్డు అంటారు, కింద అట్టపెట్టె మీద బోర్లా పడుంది. అంత బరువు ఒక్కరే ఎలా దించారో ఇప్పటికీ తెలియదు. ఆయన పాత పద్ధతి నాకు తెలుసు. అట్టముక్కకి కన్నాలు పొడిచి, నెంబర్లు వేసి, వాల్వుల్ని కదిలించే కడ్డీల్లో ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చేవారు. ఎక్కడ అరిగిన ముక్క అక్కడికే తిరిగి వెళ్లాలని చెప్పేవారు. ఇప్పుడు కడ్డీలు, బోల్టులు, స్ప్రింగులు అన్నీ కలిసి ఒక బకెట్లో ఉన్నాయి. అది మేం ఇల్లు తుడిచే బకెట్. ఆయన బకెట్ ముందు స్టూల్ మీద కూర్చుని, ఒక బోల్టు తీసి చూసి, మళ్లీ అందులోనే వేస్తున్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

"ఎవరో విప్పేశారు," అన్నారు. చిన్నపిల్లాడు చెప్పినట్టు చెప్పారు. ఆయన గొంతులో ఫిర్యాదు ఉంది.

దాన్ని మళ్లీ బిగించాలని నాకెందుకంత పంతం వచ్చిందో చెప్పలేను. అమ్మాయి అప్పటికి కాలేజీలో ఉంది, ఫోన్లో, "మమ్మీ, ప్లీజ్, లెట్ ఇట్ గో," అంది. నేను వినలేదు. ఆస్ట్రేలియాలో ఆ కార్లున్నవాళ్ల ఇంటర్నెట్ ఫోరంలో చేరాను. ఎవరో పెద్దాయన రిపేర్ పుస్తకం పేజీలన్నీ స్కాన్ చేసి పంపాడు. హెడ్డు కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా వేసే పల్చటి రేకు, గ్యాస్కెట్, కొత్తది తెప్పించాను. బకెట్లోని ముక్కలు కిరోసిన్‌తో కడిగి, పాత బట్ట మీద పరిచాను. ఏ కడ్డీ ఏ కన్నానిదో పోల్చుకోవడం నావల్ల కాలేదు. అందినవి అందినట్టు పెట్టాను. హెడ్డు ఎత్తడానికి పక్కింటాయన వచ్చి సాయం చేశాడు. ఈ పనికి మూడు శనివారాలు పట్టాయి.

బోల్టులు బిగించడానికి ఒక వరుస ఉంది. మధ్యలో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా చివరలకి పోవాలి. కొంచెం కొంచెం చొప్పున మూడుసార్లు. నేను పుస్తకం చూసుకుంటూ బిగిస్తున్నాను. ఆయన అటుపక్క నిలబడి ఉన్నారు, చేతిలో పానా ఇచ్చాను, ఊరికే పట్టుకుంటారని. మూడోసారి వచ్చేటప్పుడు చూస్తే నేను బిగించినవి ఆయన ఒక్కొక్కటే వదులు చేస్తున్నారు. చాలా జాగ్రత్తగా, సరైన కొలత పానాతో, నా వెనకే వస్తున్నారు. ఎప్పటినుంచి చేస్తున్నారో తెలియదు. నేను పానా లాక్కున్నాను. కాదు, నిజం చెప్పాలి, లాక్కుని చేతిమీద కొట్టాను. ఆయన చెయ్యి చొక్కాకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను మొదటినుంచీ మళ్లీ బిగించాను. అన్నీ బిగించాననే అనుకున్నాను.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం నీళ్లు, ఆయిల్ పోసి తాళం తిప్పాను. ఇంజన్ ఐదారుసార్లు దగ్గి, స్టార్టయింది. గరాజ్ అంతా పొగ. ఇంట్లోంచి ఆయన వచ్చారు. కారు పక్కన నిలబడి తల కొంచెం వంచి విన్నారు. ఆ విధంగా వినడం చూసి చాలా నెలలైంది. నేను ఆ మొహమే చూస్తున్నాను, ఇంజన్ని కాదు. ఒక పది నిమిషాలు నడిచి ఉంటుంది. తర్వాత చప్పుడు మారింది, నాకు కూడా తెలిసేంత మారింది. వెనకనుంచి తెల్లటి ఆవిరి.

ఆయన నా వైపు తిరిగి, "గ్యాస్కెట్ పోయింది. ఆపెయ్," అన్నారు.

ఆపేశాను. డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీలా ఉంది. నీళ్లు కలిసిపోయాయి. ఆయన చెప్పిందే నిజం. కారణం నేను వదిలేసిన బోల్టా, కలగలిపేసిన కడ్డీలా, కింద పెట్టినప్పుడు హెడ్డు పగిలిందా, నాకు తెలియదు. చెప్పగలిగిన మనిషి అప్పటికే లోపలికి వెళ్లి సోఫాలో కూర్చుని, మనం ఇంటికెప్పుడు వెళ్తాం అని అడుగుతున్నారు. మళ్లీ ఆయన నోట అంత సూటిగా, అర్థవంతంగా వచ్చిన మాట నేను వినలేదు. మిగిలిన జీవితంలో నాతో ఆయన తెలివిగా మాట్లాడిన ఆఖరి మాట ఒక గ్యాస్కెట్ గురించి.

ఆ తర్వాత కారుని ముట్టుకోలేదు. కింద ఆయిల్ మరక పెద్దదవుతూ వచ్చింది. రెండో ఏడాది ఆయన్ని పగటిపూట పెద్దవాళ్ల డే సెంటర్‌లో దించడం మొదలుపెట్టాను. వర్జీనియా నుంచి ఒకాయన తలుపులు, అద్దాలు, సీట్లు పనికొస్తాయని కారు అడిగాడు. మిగతాది తుక్కుకి వేస్తానని ముందే చెప్పాడు. మా ఆయన ఇంట్లో లేని రోజు చూసి రమ్మన్నాను. ట్రెయిలర్ మీదికి లాగేటప్పుడు ముందు చక్రాలు తిరగలేదు, ఈడ్చుకుంటూ వెళ్లాయి. ఆయన అడిగితే ఏం చెప్పాలో వారం రోజులు ఆలోచించి పెట్టుకున్నాను. పెయింట్ వేయించడానికి పంపామని చెబుదామనుకున్నాను. సాయంత్రం తీసుకొచ్చి, కావాలనే ఖాళీ గరాజ్‌లోంచే లోపలికి నడిపించాను. ఆయన అడగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అడగలేదు. నేను అంత కష్టపడి తయారు చేసుకున్న అబద్ధం వాడే అవసరమే రాలేదు.

రెండువేల పద్నాలుగులో ఆయన్ని జ్ఞాపకం పోయినవాళ్లని చూసుకునే మెమరీ కేర్ హోమ్‌లో చేర్చాను. ఇంట్లో ఉంచుకోలేకపోయావా అని ఇండియా నుంచి ఆడపడుచు అడిగింది. చేర్చుకునేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు, ఆయనకి ఏమేం ఇష్టమో రాయమని. అక్కడి ఆయాలు వాటి గురించి కబుర్లు చెబుతారట. నేను పాత ఆస్ట్రేలియా కార్లు, ఆరు సిలిండర్లవి, రిపేర్ చేయడం అని రాశాను. పాపం, వాళ్లు ఎక్కడినుంచో పాత అమెరికన్ కార్ల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టారు. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని కాసేపు కూర్చుని, పక్కన పెట్టేశారు.

నెల తర్వాత వెళ్తే హెడ్ ఆయా నన్ను పక్కకి పిలిచింది. మంచి మనిషి. లాండ్రీ వచ్చినప్పుడు ఆయన తువాళ్లు ఎంతో ఇష్టంగా మడత పెడుతున్నారని, వేరే ఏదీ పట్టించుకోవడం లేదని చెప్పింది. ఫారంలో అది మారిస్తే కొత్తగా వచ్చే స్టాఫ్‌కి సులువుగా ఉంటుందంది. నేను సరేనన్నాను. ఆవిడ నేను రాసిన దానిమీద గీత కొట్టి, పక్కన తువాళ్లు మడవడం అని రాసి, నా ముందుకి జరిపింది. నేను సంతకం పెట్టాను.