అబ్బా కల కోసం ఆగిన బోరు బండి

గోపాల్‌పేట దగ్గర మా నాలుగెకరాల చెలకలో పాత బోరు ఎండిపోయిన ఏడాదే నేను మదర్సా చదువు ముగించి ఇంటికి వచ్చాను. ఇంకొక్క బోరుకే మా శక్తి. అదీ ఎండుదైతే వేరుశనగ లేదు, మా అబ్బా హైదరాబాద్‌కు కూలికి పోవాల్సిందే. నీళ్ల జాడ చూసే మనిషి యంత్రం పట్టుకొని పొలమంతా తిరిగి, తూర్పున ఒకటి, పడమట ఒకటి సున్నంతో గుర్తులు పెట్టాడు. "రెండూ ఒకటే సాయిబూ, నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

ఇష్టం అనే మాటకు అబ్బా భయపడిపోయాడు. ఇస్తిఖారా నమాజు మొదలుపెట్టాడు. ఏ దారి మంచిదో తెలియనప్పుడు అల్లాను మేలు కోరుతూ చదివే నమాజు అది. చదివి పడుకుంటే కలలో జవాబు వస్తుందని మా వైపు గట్టి నమ్మకం. తెలుపో పచ్చో కనబడితే సరేనని, ఎరుపో నలుపో కనబడితే వద్దని. కానీ దిగులుతో అబ్బాకు మూడు రోజులుగా నిద్రే లేదు. నిద్ర లేనిదే కల ఎక్కడిది? నాలుగో రోజు పొద్దున్నే బోరు బండి వచ్చి నిలబడింది.

అబ్బా బండి ముందే మళ్లీ రెండు రకాతుల నమాజు చదివి, వేపచెట్టు నీడలో తువ్వాల పరిచి కళ్లు మూసుకున్నాడు. అబ్బా తమ్ముడు, మా చాచా, కర్ర పట్టుకొని కాకులను తోలసాగాడు. డ్రైవర్ ఇంజను ఆపి, చెప్పులు చేత్తో పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, మీ నాయినకు పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్నడన్నా. కల కోసం పండిండు."

"ఎంతసేపు వడ్తది?"

అతన్ని నీడలో కూర్చోమన్నాను.

గంటకు అబ్బా లేచాడు. అందరం చుట్టూ మూగాం.

"మీ అమ్మీ టమాట తొక్కు నూరుతుంది" అన్నాడు నాతో.

"ఎరుపు! వద్దన్నట్టే" అన్నాడు చాచా.

"ఏది వద్దురా? రెండిట్ల ఏది?" అన్నాడు అబ్బా.

"తొక్కుల కొత్తిమీర ఏసిందా?" అని డ్రైవర్ ఆశగా అడిగాడు. అప్పటికి అతనికీ రంగుల సంగతి తెలిసిపోయింది.

ఇక నేను ఊరుకోలేకపోయాను. కల రావాలని ప్రవక్త మాటల్లో, హదీసులో ఎక్కడా లేదన్నాను. నీకు తెలుసు, నాకు తెలియదు, మేలైనదే నాకు దక్కించు అని వేడుకోవడమే ఆ దుఆ. ఆ తర్వాత అడుగు మనమే వేయాలి.

"నేనే ఎంచుకునేదుంటే అల్లాను అడుగుడెందుకు?"

"నువ్వు ఏది ఎంచుకుంటవో ఆయనకు ముందే తెల్సు అబ్బా. తెల్సుడంటే నీ చెయ్యి వట్టి గుంజుడు కాదు."

"తెల్సినప్పుడు జర చెప్పొచ్చు గద!"

"తౌబా, తౌబా" అని చాచా చెంపలు వేసుకున్నాడు.

పాత పండితుల ఉదాహరణ చెప్పి ఒప్పిద్దామనుకున్నాను. ఆకలితో ఉన్న మనిషి ముందు అచ్చం ఒకేలాంటి రెండు ఖర్జూరాలు. తీసుకోవాల్సింది ఒక్కటే. తేడా ఏమీ లేకపోయినా అతను ఏదో ఒకటి తీసుకుంటాడు, ఆ శక్తిని అల్లాయే మనిషిలో పెట్టాడు.

అబ్బాకు కోపం వచ్చింది. "ఆకలైనోనికి రెండూ ఇయ్యరాదా? గిదా మీరు ఇన్నేండ్లు సదివింది?"

"పొద్దుగూకేటాలకు నేను కోడేరుల ఉండాలె. ఆ ఖర్జూరాల సంగతి జల్ది తేల్చుండ్రి" అని డ్రైవర్ ఇంజను వేశాడు.

అబ్బా రెండు గుర్తుల నడుమ నిలబడ్డాడు. ఆకాశం చూశాడు, నన్ను చూశాడు. పెదవులు కదులుతున్నాయి. ఉన్నట్టుండి గబగబా నడిచి తూర్పు గుర్తు మీద కాలు పెట్టాడు.

"గీడ."

"గీడనే ఎందుకు భాయ్?" అన్నాడు చాచా.

"తెల్వదు. గీడ."

మధ్యాహ్నం దాకా దుమ్మే. మేమందరం పిండిమిల్లులో పనిచేసేవాళ్లలా తెల్లబడ్డాం. పైపు మీద పైపు దిగుతూనే ఉంది. అబ్బా కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. చివరికి దుమ్ము తడిసింది, బురదైంది, ఆ బురద అబ్బా మొహాన కొట్టింది. దాని వెనకే నీళ్లు. ఎక్కువేం కాదు, రెండెకరాల వేరుశనగకు సరిపోతాయి.

చాచా పడమటి గుర్తు వైపు చూసి, "గక్కడ ఏస్తే ఇంకింత..." అని మొదలుపెట్టాడు.

"గక్కడ ఏస్తే ఏమొస్తుండెనో అది గూడ అల్లాకు తెల్సు" అన్నాడు అబ్బా, కళ్లలో బురద తుడుచుకుంటూ. "నాకు తెల్వకున్నా నడుస్తది. బకెట్ తే."

నీళ్లు తేరేదాకా బకెట్ పక్కనే కూర్చుని, వాటితోనే మొహం, కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, సాయంత్రపు అసర్ నమాజుకు నిలబడ్డాడు.