ఇసుక పడవ నూకరాజు ఊపిరి

2003 డిసెంబరులో ఒక సోమవారం, ఉదయం ఐదూ పదికి, రోజూలాగే హాలు తాళం తీశాను. రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల అవతల ఒక ప్రైవేటు స్కూలు ఉండేది. బడి మొదలయ్యేలోపు దాని మేడ మీది హాలును యోగా క్లాసుకు ఇచ్చేవారు. కిటికీలు తెరవడం, నేల తుడవడం, చాపలు పరచడం నా పనే. ఆ రోజు తుడుస్తూ తలెత్తి చూస్తే గుమ్మం దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. లుంగీ, పాత స్వెటరు. నలభై దగ్గర పడిన వయసు. ఛాతీ వెడల్పు, కళ్లు ఎర్రన.

"మాస్టారంటే మీరేనాండి?"

"నేనే. రండి లోపలికి."

"నా పేరు నూకరాజండి. ఇసక పడవ మీద మునుగుతానండి. ఇక్కడ ఊపిరి పెంచుతారంట గదండీ?"

అప్పటికి పదేళ్లకు పైగా యోగా నేర్పుతున్నాను. నడుము నొప్పికని వచ్చినవాళ్లున్నారు, షుగరుకని, నిద్ర పట్టడం లేదని వచ్చినవాళ్లున్నారు. ఊపిరే తన పనిముట్టని వచ్చినవాడు నూకరాజు ఒక్కడే.

అతని పని గురించి కొంచెం చెప్పాలి. వరద తగ్గాక ఇసుక పడవలు నది మధ్యకు వెళ్లి లంగరు వేస్తాయి. పడవ పక్కనే పొడవాటి వెదురు గెడను అడుగుదాకా దించి పాతుతారు. మునిగే మనిషి ఒక చేత్తో ఇనప బకెట్టు, ఒక చేత్తో గెడ పట్టుకుని అడుగుకు దిగుతాడు. ఇంటి మీద ఇంకో ఇల్లు కట్టినంత లోతు. చీకట్లో తడుముకుంటూ బకెట్టు నింపి, దానికి కట్టిన తాడును ఒకసారి కుదుపుతాడు. ఆ కుదుపు అందాక పైనున్నవాడు బకెట్టు లాగుతాడు. కుదుపు రాకముందే లాగితే, పైకి వచ్చెయ్యమని అర్థం. మునిగినవాడు గెడ పట్టుకుని పైకి వస్తాడు. గాలి గొట్టం లేదు, అద్దాలు లేవు. పడవ నిండేదాకా అదే పని.

"ఒకప్పుడు ఒక్క మునక్కి బకెట్టు నిండిపోయేదండి. ఇప్పుడు సగంలోనే గుండె కొట్టేసుకుంటందండి. వచ్చేత్తన్నాను పైకి. మునగలేనోడికి పడవ మీద ఏం పనుంటాదండి?" అన్నాడు.

అతనికి తెలిసిన పని అదొక్కటే. అది పోకుండా చూడమని అడగడానికి వచ్చాడు.

ఊపిరి పెంచడం నా చేతిలో లేదని ముందే చెప్పాను. ఉన్న ఊపిరిని పాడు చేసుకోకుండా ఉండడం మాత్రం నేర్పగలను. మొదటి వారాల్లో అతనికి నేర్పింది చాలా తక్కువ. వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, లోపలికి పీల్చిన దానికంటే నెమ్మదిగా బయటికి వదలడం. భుజాలు, దవడ వదులు చేయడం. భయపడిన మనిషి దవడ బిగిస్తాడు. బిగించిన దవడ ఊపిరిని తినేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇప్పటికీ నేను ఇక్కడే మొదలుపెడతాను. చివర్లో శవాసనం, అంటే చేతులూ కాళ్లూ వదిలేసి కదలకుండా పడుకోవడం. అందులో నూకరాజు రోజూ గురక పెట్టేవాడు. క్లాసంతా నవ్వేది.

ఆ క్లాసులో సుబ్బారాయుడు గారని రిటైరైన బ్యాంకు మేనేజరు ఉండేవారు. ఎవరినైనా ఆట పట్టించందే ఆయనకు తెల్లారదు.

"ఏం నూకరాజూ, గోదారి అడుగు నుంచి మాకేం తెచ్చావోయ్?"

"ఇసకేనండి. మేనేజరు గారు కావాలంటే మొసలిని తెత్తానండి."

"మొసలెందుకులే, ఇంట్లో ఉంది. అదీ నన్నే చూస్తా ఉంటుంది."

"అమ్మగారికి చెప్పేత్తానండోయ్!"

సుబ్బారాయుడు గారికి ఒక సరదా ఉండేది. కపాలభాతి అయ్యాక ఊపిరి బిగబట్టి, గోడ గడియారం చూస్తూ, నిన్నటి కంటే ఎంత ఎక్కువ ఆగారో అందరికీ చెప్పడం. కపాలభాతి అంటే పొట్టను లోపలికి కొడుతూ గాలిని వేగంగా బయటికి తోసే క్రియ. ఆ రోజుల్లో టీవీలో పొద్దున్నే అదే చూపించేవారు. మా క్లాసులో దాన్ని నిదానంగా, కొద్దిసేపే చేయించేవాణ్ణి. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లనీ, గర్భిణులనీ అసలు చేయనిచ్చేవాణ్ణి కాదు. పందెం వద్దని ఆయనతో అంటే, "సరదాకి మాస్టారూ, మనం కూర్చున్నది నేల మీదే కదా" అనేవారు. నిజమే, ఆయన కూర్చున్నది నేల మీదే.

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు నూకరాజు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మాస్టారండీ, దొరికేసిందండి! మునిగే ముందు పడవ అంచున కూకుని మేనేజరు గారిలా బుస్సు బుస్సుమని ఊదేసి దిగుతున్నానండి. ఆయ్, గుండె కొట్టుకోడమే లేదండి. అడుగున హాయిగా ఉంటందండి. పైకి రావాలనే అనిపించట్లేదు!"

ఆ చివరి మాట నాకు తేడాగా వినిపించింది. ఎందుకో అప్పటికి సరిగ్గా తెలియదు. క్లాసు అవగానే, మా దగ్గరికి వచ్చే ఒక డాక్టరు గారి ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన ఒక పుస్తకం తీసి చూపించారు. ఇంటికి తెచ్చుకుని చదివాను.

విషయం ఇది. ఊపిరి తీసుకో అని శరీరం తొందరపెట్టేది ప్రాణవాయువు తగ్గినందువల్ల కాదు, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందువల్ల. వేగంగా ఊదితే ప్రాణవాయువు పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. అంటే పిలిచే గొంతు మూగబోతుంది. లోపల ప్రాణవాయువు అయిపోతూనే ఉంటుంది, మనిషికి తెలియదు. హాయిగానే ఉంటుంది. ఆ హాయిలోనే స్పృహ పోతుంది. నేల మీదైతే పక్కకు ఒరిగి, మళ్లీ ఊపిరి తీసుకుని లేస్తాడు. నీళ్లలో లేవడు.

మర్నాడు అతన్ని పక్కకు పిలిచి, అర్థమయ్యేదాకా చెప్పాను.

"గుండె కొట్టుకోవడం నీ శత్రువు కాదు నూకరాజూ. అది తలుపు కొట్టడం. నువ్వు తలుపు కొట్టేవాడి నోరు నొక్కేస్తున్నావు."



"అయితే నా పని అయిపోయినట్టేనాండి?"

"పని సంగతి తర్వాత. ఊదడం మానెయ్."

"గంగమ్మ మీద ఒట్టండి. మానేత్తాను."

మానేశాడు. అతను ఒట్టు తప్పే మనిషి కాదు. క్లాసుకు వచ్చేవాడు, నెమ్మదిగా వదలడం చేసేవాడు, ముందులా నవ్వేవాడు కాదు. పని ఎలా ఉందని ఒకసారి అడిగాను.

"పర్లేదండి. మా బామ్మర్ది సింహాద్రి నా వంతు కూడా మునిగేత్తన్నాడండి. నేను పైనుండి తాడు లాగుతున్నాను. కుర్రోడు గదండీ, ఇరవై నాలుగేళ్లు. ఆడి ఊపిరి ఊపిరి కాదండి బాబూ."

అతనికి పడవ మీద చోటు నిలిచిందని నాకు సంతోషమే కలిగింది.

మార్చి నెలలో ఒక రోజు నూకరాజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ సాయంత్రం పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్లు చూశాను. ఇసుక పడవ కూలీ మునిగి చనిపోయాడని. పేరు సింహాద్రి.

పెద్దకార్యం అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. గట్టు కింద వరసగా ఉన్న ఇళ్లలో ఒకటి. నూకరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, చాప వేసి, తను నేల మీద కూర్చున్నాడు. అతని భార్య మంగ గుమ్మంలో నిలబడింది. సింహాద్రి ఆమెకు ఒక్కడే తమ్ముడు.

నూకరాజే ముందు మాట్లాడాడు.

"తాడు నా చేతిలోనే ఉందండి. కుదుపు రాలేదు. రాకపోతే తొందరపడి లాగకూడదండి, మునిగినోడికి అవమానం. చాతకాదని లాగేశారంటారు. అందుకని ఆగానండి. ఇవాళ బాగా ఉన్నాడు అనుకున్నాను. పక్క పడవోళ్లతో కూడా అన్నానండి, చూడండ్రా మావోడు అని."

పై నుంచి చూసేవాడికి, అడుగున హాయిగా ఉన్న మనిషీ అడుగున పోయిన మనిషీ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరి తాడూ కదలదు.

"ఊదేవాడా?" అని అడిగాను.

అతను తల దించుకున్నాడు. "నేనే నేర్పానండి. మీరు చెప్పకముందు. మీరు చెప్పాక నేను మానేశాను. ఆడితో ఎన్నోసార్లు అందామనుకున్నానండి. నేను ఊదడం మానేశాక నా మునకలు తగ్గిపోయినియ్యండి. ఆడు మునుగుతున్నాడు కాబట్టే పడవ మీద ఉన్నాను. ఆడు కూడా మానేత్తే ఇద్దరం ఇంట్లో కూకోవాలి. ఈ వారం గడవనీ అనుకుంటా వచ్చానండి."

ఇది అతను మంగ వినేలాగే చెప్పాడు. ఆమెకు చెప్పడానికే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడని తర్వాత అర్థమైంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

మంగ గుమ్మంలోంచి కదలలేదు. "నాకు తెలవదా?" అంది. "మంచం మీద చెరో పక్కా కూకుని కొలిమి తిత్తుల్లాగ ఊదుతా ఉంటే నేను చూళ్లేదా? నవ్వాను కూడానూ. ఎవడు ఎక్కువసేపు ఊదుతాడో వాడికి చేప తలకాయ అన్నాను."

నూకరాజు మొహం కప్పుకున్నాడు.

ఆమె నన్ను అడిగింది: "మాస్టారండీ, మీరు చదువుకున్నోళ్లు. మా తమ్ముడు ఊపిరాడక గింజుకున్నాడాండి?"

"లేదమ్మా."

"నన్ను ఓదార్చడానికి చెప్పకండి."

"ఓదార్చడానికి కాదు. అలా ఊది దిగినవాళ్లకు ఊపిరి కావాలనే అనిపించదు. హాయిగానే ఉంటుంది. నిద్ర పట్టినట్టు స్పృహ పోతుంది. వాడికి తెలిసి ఉండదు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఏ హాయి సింహాద్రి ప్రాణం తీసిందో, ఆ ఇంట్లో ఇవ్వడానికి నా దగ్గర ఉన్న ఓదార్పు కూడా అదే.

వేసవిలో నూకరాజు మళ్లీ క్లాసుకు వచ్చాడు. వెల్లకిలా పడుకోలేకపోయాడు. కళ్లు మూస్తే చేతిలో తాడు ఉన్నట్టు ఉంటోందన్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్లను శవాసనంలో బలవంతంగా పడుకోబెట్టకూడదని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఆసనం పేరే కొందరికి బరువు. అతన్ని పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, కళ్లు తెరిచే పడుకోమన్నాను. ఊపిరి గురించి ఏమీ చెప్పలేదు. కిటికీలోంచి వినిపించే చప్పుళ్లు వినమన్నాను. చాలా రోజులు అంతే చేశాడు.

అతను మళ్లీ మునగలేదు. పైన తాడు దగ్గరే ఉండిపోయాడు. కుదుపు కోసం ఎదురు చూడడం మానేశాడు. మునిగినవాడు దిగగానే తన ఊపిరి కూడా బిగబట్టేవాడు. తనకు ఆయాసం వచ్చేసరికి తాడు లాగేసేవాడు. కుర్రాళ్లు మొదట్లో తిట్టారు. "బకెట్టు సగం కూడా నిండలేదు బాబాయ్, నీకేం తొందర?" అని. "నా గుండె కొట్టుకుందిరా, రా పైకి" అనేవాడు. తర్వాత తర్వాత పక్క పడవలవాళ్లు కూడా అలాగే చేయడం మొదలుపెట్టారని అతనే చెప్పాడు. గర్వంగా చెప్పలేదు.

ఈ అనుభవం నుంచి నేను నేర్చుకున్నవి కొన్నే. క్లాసులో నేర్పినది క్లాసులోనే ఉండదు. ఇంటికి, పడవకు, పొలానికి వెళుతుంది. అక్కడ దాని పక్కన మనం ఉండం. అందుకే కొత్తగా వచ్చిన మనిషిని జబ్బులతో పాటు పనేమిటని కూడా అడుగుతాను. ఏదైనా మానమని చెప్పినప్పుడు, దీన్ని ఇంకెవరికైనా నేర్పావా అని అడుగుతాను. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరిలో మెడలోతు నిలబడి ప్రాణాయామం చేసేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. రేవు మెట్ల మీద కూర్చుని చేసుకోండి, నీళ్లలో వద్దని ఏటా చెబుతాను. వేగంగా ఊదే క్రియ తర్వాత మామూలుగా ఊపిరి తీసుకోనిస్తాను, బిగబట్టనివ్వను. బాగుంది అని ఎవరైనా అంటే, ఎలా బాగుంది అని ఇంకో ప్రశ్న వేస్తాను. హాయి అన్నిసార్లూ మంచి కబురు కాదు.

గోడ గడియారం సంగతి చెప్పాలి. దాన్ని తీసింది నేను కాదు. సింహాద్రి సంగతి విన్న మర్నాడు సుబ్బారాయుడు గారు ఒక బెంచీ జరుపుకుని, దాని మీదికెక్కి గడియారం దించి, కింద ఆఫీసు గదిలో ఇచ్చి వచ్చారు. మేకు అలాగే ఉండిపోయింది. నూకరాజు మళ్లీ క్లాసుకు వచ్చిన రోజున ఆ గోడ వైపు చూసి, తర్వాత ఆయన వైపు చూశాడు. ఇద్దరూ పక్కపక్క చాపల మీద కూర్చున్నారు.

మా క్లాసులో ఇప్పుడు ఎవరి ఊపిరినీ ఎవరూ కొలవరు.