గోడ కింద నీళ్లదారి

మదనపల్లె నుంచి గుర్రంకొండ వైపు వెళ్లే దారిలో, మా ఊరి గుట్ట మీద ఒక పాత కోటగోడ ఉండేది. ఈమధ్య దాని కూలిన రాళ్లు తీస్తున్నారని తెలిసి చూడటానికి వెళ్లాను. తడిసిన పాత సున్నం వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. అది మా నాగమ్మవ్వ కొంగు వాసన.

వేసవి సెలవులంతా అవ్వ వెంట మేకలు తోలుకుని ఆ గోడ నీడకే వెళ్లేదాన్ని. రాగిసంగటి ముద్దను చెనిక్కాయల ఊరిబిండిలో అద్దుకుని తిని, రాళ్ల సందుల్లో తొండల్ని వెతుకుతూ, సీతాఫలం చెట్ల కింద అచ్చనగాయలు ఆడుతూ ఎండ వాలేదాకా అక్కడే ఉండేవాళ్లం. తొలి వానకు ముందు అవ్వ గోడ అడుగున ఉన్న తూములోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, మట్టీ ఆకులూ లాగేసేది. గుట్ట మీది నీళ్లన్నీ పోయే దారి అదొక్కటే. ఆ పని వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందట.

నేను అయిదో తరగతిలో ఉండగా కోటను కాపాడతామంటూ అధికారులు వచ్చి బడి ముందు మీటింగు పెట్టారు. అంగళ్లు పెట్టుకున్నవాళ్లు రోడ్డు అడిగారు. రైతులు పొలాలకు దారి మూయొద్దన్నారు. ఊరి పెద్దలు జాతరకు చోటు వదలమన్నారు. అన్నీ రాసుకున్నారు. చివర అవ్వ లేచింది.

“కంచె ఏసుకోండప్పా. వానకు ముందర నన్నొక్క తూరి లోపలికి ఇడవండి. తూము పూడిపోతే గోడ నిలబడదు.”

“మేకలవాళ్లు లోపలికి రాకూడదమ్మా,” అన్నాడు పెద్ద అధికారి. అవ్వ మాట ఎవరూ రాసుకోలేదు. ఆమె తరఫున నోరెత్తినవాళ్లూ లేరు. మా నాయన కూడా తల దించుకున్నాడు.

గోడ చుట్టూ కంచె వేసి గేటుకు బీగం పెట్టారు. ఆ ఏడు వానలు పట్టుకున్నాయి. అవ్వ రోజూ కంచె దగ్గరికి పోయి కాపలాదారును బతిమాలేది. అతను మా ఊరివాడే.

“బీగం నా సేతిలో ల్యాదమ్మా, నేనేం సేసేది?” అనేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం మేం అన్నం తింటుండగా నేల అదిరింది. అవ్వ చేతిలో ముద్ద కింద పెట్టేసి, “పాయె,” అంది. అంతే.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ వాన పడితే చాలు, తినేది ఆపి చెవి ఒగ్గేది. “గోడ ఇంగా పడతాండాది, నీకు ఇనపల్లేదా?” అని నన్ను అడిగేది. నాకూ వినబడేది.

ఇప్పుడు గోడను తిరిగి కట్టడానికి వచ్చిన ఇంజినీరమ్మ ఊరివాళ్లను, అంగళ్లవాళ్లను, మేకలవాళ్లను కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతోంది. ఊళ్లో మేకలు కాసేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఇద్దరికీ తూము సంగతే తెలియదు. చూసినదాన్ని నేనొక్కదాన్నే అని ఎవరో చెప్పారు.

“నీళ్లు ఎక్కడ బయటికి వచ్చేవో చూపిస్తారా అమ్మా?” అని అడిగింది ఆమె.

రాళ్లకుప్ప పొడవునా రెండుసార్లు నడిచాను. బురద పట్టిన అవ్వ చెయ్యి కళ్లముందు కనిపిస్తూనే ఉంది. అది ఏ రాయి కిందికి పోయేదో మాత్రం గుర్తు రాలేదు. పుస్తకం తెరిచి పట్టుకుని, నేను చెబితే రాసుకోవడానికి ఆమె ఎదురుచూస్తోంది.